అలగని అల్లుడి సైకిలు

మా మామ పోయాడు. తాండూరు నుంచి బామ్మర్ది ఫోన్ చేసేటప్పటికి నేను పొయ్యి మీద పాలు పెట్టి నిలబడి ఉన్నాను. "బావా, నాయిన లేస్తలేడు," అన్నాడు ముందు. తర్వాత, "డాక్టర్ వచ్చి చూసిండు. రాత్రి నిద్రలనే అయిపోయిందట," అన్నాడు. పొయ్యి ఆపి, తాళం వేసి, వికారాబాద్ స్టేషన్‌కు నడిచి వెళ్లి రైలెక్కాను. దారిలో ఎవరితో ఏం మాట్లాడానో గుర్తు లేదు. తాండూరులో దిగుతున్నప్పుడు మాత్రం, ఇవాళ రాత్రి ఎనిమిదింటికి నాకు ఫోన్ ఎవరు చేస్తారు అనుకున్నాను. పోయిన మనిషి గురించి కాకుండా నా గురించి అనుకున్నందుకు సిగ్గేసింది. కానీ ముందుగా వచ్చిన ఆలోచన అదే.

ఆ ఎనిమిదింటి ఫోన్ సంగతి చెప్పాలి. మామ బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. సర్వీసులో ఎక్కువ భాగం కర్ణాటకలో సేడం వైపు పోయే బస్సులో గడిచింది కాబట్టి టిక్కెట్టుకు, చిల్లరకు, కొట్లాటకు సరిపడా కన్నడం వచ్చు. ఫోన్ ఎత్తగానే హలో అనేవాడు కాదు. "ఊట ఆయ్తా?" అనేవాడు. అన్నం తిన్నావా అని. తిన్నానంటే, "ఏం కూర?" అని తర్వాతి ప్రశ్న. నేను ఒక్కోసారి బన్నూ చాయ్‌తో కానిచ్చేసి వంకాయ అని చెప్పేవాణ్ణి. "మొన్న గూడ వంకాయనే అన్నవ్. తోట పెట్టినవా ఏంది?" అనేవాడు. అంతకు మించి గుచ్చి అడగకుండా పెట్టేసేవాడు.

నా భార్య ఆయనకు ఒక్కతే కూతురు. కొన్నేళ్ల కిందట జ్వరమని ఆసుపత్రికి తీసుకుపోతే తిరిగి ఇంటికి రాలేదు. మాకు పిల్లలు లేరు. అత్తమ్మ అంతకు ముందే పోయింది. మన దగ్గర అల్లుడికి ఎంత మర్యాదో అందరికీ తెలుసు, కానీ ఆ మర్యాదంతా కూతురి చెయ్యి పట్టుకుని వచ్చేదే. కూతురూ లేక, పిల్లలూ లేకపోతే అల్లుడు ఏమవుతాడు? పొమ్మని ఎవరూ అనరు. మొదటి ఏడు పండుగకు ఇంటికొచ్చి పిలుస్తారు, రెండో ఏడు ఫోన్‌లో పిలుస్తారు, ఆ తర్వాత వాళ్ల పనుల్లో వాళ్లుంటారు. తప్పు ఎవరిదీ కాదు. వికారాబాద్‌లో రెండు గదుల ఇల్లు, ధారూర్ అవతల ఒక పల్లెలో బడిపంతులు ఉద్యోగం, ఇంతే నా లోకం. తాండూరు తోవ కూడా మూసుకుపోతే నన్ను తమవాడనుకునే ఇల్లు ఒక్కటీ మిగలదని నాకు లోపల ఒకటే భయం. అది ఎవరికీ చెప్పలేదు. మామకు అసలే చెప్పలేదు.

నాకూ నా భార్యకూ ఒక స్కూటర్ ఉండేది. ఆమె పోయాక దాన్ని నడపలేకపోయాను. ఆమె ఉన్నప్పుడు బ్రేకు వేస్తే చాలు, వెనక నుంచి భుజం మీద చెయ్యి పడేది. ఆ చెయ్యి పడని బండి నాకెందుకని చిన్నాన్న కొడుక్కి ఇచ్చేసి బస్సులో బడికి పోవడం మొదలుపెట్టాను. బస్సు తారు రోడ్డు మీద దింపుతుంది. అక్కడి నుంచి బడిదాకా కంది చేల మధ్య మట్టి బాట, వానాకాలమైతే నల్లరేగడి బురద. ఒకరోజు ఫోన్‌లో, "సైకిలొకటి కొంటే బాగుండునేమో మామా," అన్నాను. ఒక్క సీటున్న బండి అన్నది నా మనసులో ఉంది. ఆ ముక్క పైకి అనలేదు.

"కొత్తదెందుకు? నీ సైకిల్ నా దగ్గర్నే ఉన్నది గద," అన్నాడాయన.

ఆ సైకిలుకు ఒక కథ ఉంది. మా వైపు పెళ్లిళ్లలో బువ్వ బంతి అని ఉంటుంది. పెళ్లికొడుకును పీట మీద కూర్చోబెట్టి కొసరి కొసరి వడ్డిస్తారు. వాడు వెంటనే తినకూడదు. విస్తరి ముందు మూతి ముడుచుకుని అలగాలి. అప్పుడు మామ వచ్చి, ఏం కావాలో చెప్పు అల్లుడా అని అందరి ముందు బతిమాలాలి. మా మామ దానికోసం నల్ల సైకిలొకటి కొని, చువ్వలకు రంగు కాగితాలు చుట్టించి, వంటల దగ్గర దుప్పటి కప్పి దాచాడు. నాకేమో అలగాలని ఎవరూ చెప్పలేదు. పొద్దుటి నుంచి ఉపవాసం, కడుపు కాలిపోతోంది. విస్తట్లో పప్పు పడగానే కలిపి గబగబా తినేశాను. ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. బతిమాలడానికి వంగిన మామ వంగినట్టే ఉండిపోయాడు.

పోనీ ఊరికే ఇచ్చేయొచ్చు కదా. ఆయన ఇవ్వలేదు. "అలగకుంట ఇస్తె అది కట్నమైతది, అలిగినంక ఇస్తె ముచ్చటైతది. నేను కట్నమియ్య," అనేవాడు. రంగు కాగితాలు ఊడదీసి తానే దాని మీద డిపోకు పోయి వచ్చేవాడు. కనిపించిన ప్రతిసారీ, "ఇప్పటికైన అలుగు అల్లుడా, ఇచ్చేస్త," అని నవ్వేవాడు. నా భార్య కూడా అదే పాట. కూర బాగాలేదని నేను సణిగితే చాలు, "గట్ల గాదు, మంచిగ అలుగు. సైకిలొస్తది," అనేది. అలగడం నాకు చేతకాదు. మొహం గంటుపెట్టుకుని రెండు నిమిషాలు కూర్చుంటే నాకే నవ్వొచ్చేది.

మరుసటి ఆదివారం ఆ సైకిలును బస్సు మీద వేయించుకుని వికారాబాద్ దిగాడు మామ. "చూడనీకైతె ఇస్త. నీదనుకోవాల్నంటె మాత్రం అలగాలె," అన్నాడు. అనంతగిరి ఎక్కుడు దగ్గర దాన్ని తొక్కి చూశాను. గేర్లు లేని బండి, ఇనుప ఫ్రేము, కమ్మీలతో లాగే బ్రేకులు. ఎక్కేటప్పుడు నేను దాన్ని తోసుకుంటూ పోయాను, దిగేటప్పుడు అది నన్ను ఈడ్చుకుంటూ పోయింది. గుట్ట కింద కూర్చుని చూస్తున్న మామ నా రొప్పు తగ్గేదాకా ఆగి, "గిది నీతోని గాదు. కొత్తది చూద్దాం," అన్నాడు.

ఆ చూడటం వానాకాలంలో మొదలై చలికాలం దాకా సాగింది.

మా తోవ గురించి తెలియనివాళ్లకు ఇదంతా ఒక సైకిలు కోసం పడే పాట్లా అనిపిస్తుంది. వికారాబాద్ నుంచి గుట్ట మీద తారు బాగానే ఉంటుంది. ధారూర్ దాటాక అతుకులు మొదలవుతాయి. తాండూరు దగ్గరపడే కొద్దీ నాపరాయి లారీలు, వాటి నుంచి జారిపడ్డ రాతి చెక్కలు, పాలిష్ మిషన్ల తెల్ల పిండి. చెక్క అంచు కత్తిలా ఉంటుంది. రోడ్డు దిగితే ఎర్ర మొరం, ఇంకొంచెం దిగితే రేగడి. ఇవన్నీ ఒకే రోజు, ఒకే బండి మీద తొక్కాలి. పైగా నా జీతంలో సర్దుకునే ధరలో రావాలి.

ముందు మా బడిలో తోటి సారు ఒకాయన వాడకుండా పెట్టిన రేసు సైకిలు తెచ్చాను. వేలంత సన్నటి టైర్లు. తారు మీద అది పోతుంటే తొక్కుతున్నట్టే లేదు. తాండూరు పొలిమేరలో మామ చూస్తుండగానే నాపరాయి చెక్క ఒకటి టైరును చీల్చేసింది. ఇద్దరం దాన్ని నడిపించుకుంటూ ఇంటికి పోయాం. "రైలు పట్టాల మీదైతె పనికొస్తది," అన్నాడు మామ. ఆ తర్వాత బామ్మర్ది స్నేహితుడి దగ్గర ముందు స్ప్రింగులున్న లావు టైర్ల సైకిలు చూశాం. అది మామకు చూడగానే నచ్చింది, ఇదే కొనమని పట్టుబట్టాడు. రాళ్ల మీద మెత్తగా ఉంది నిజమే, కానీ ఎక్కుడులో నేను తొక్కిన తొక్కుడంతా ఆ స్ప్రింగులే మింగేశాయి. ఆయన కూడా కాస్త దూరం తొక్కి దిగి, "ముందుకు పోతలేదు, కిందికి మీదికి పోతుంది. గిది సైకిల్ గాదు, లిఫ్టు," అన్నాడు. మూడోది రెంటికీ మధ్యరకం, చూడటానికి అన్నీ ఉన్నాయి. మా బడి బాటలో వాన పడ్డ రోజు తొక్కితే టైరుకూ ఫోర్కుకూ మధ్య రేగడి కూరుకుపోయి చక్రం తిరగనే లేదు. భుజాన వేసుకుని బడికి పోయాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

రోడ్డుకూ మట్టికీ రెంటికీ పనికొచ్చే గ్రావెల్ సైకిలు అని ఒకటి ఉందని అప్పుడే చదివాను. ఫోన్‌లో మామకు చెప్పాను. "గ్రావెలంటె కంకర గదా. కంకర మన దగ్గర మస్తున్నది, సైకిలొకటి కొంటె సరిపాయె," అన్నాడు.

ఇద్దరం రైల్లో హైదరాబాద్ పోయాం. షాపులో అమ్మాయి ఓపికగలది. ముందు ఖరీదైనది చూపించి ఒక వేలితో ఎత్తి పట్టుకుంది. ధర విని మామ దాని దగ్గర నుంచి ఒక అడుగు వెనక్కి జరిగాడు, తగిలితే కొనాల్సి వస్తుందేమోనన్నట్టు. తర్వాత ఆమె తక్కువ ధరవి చూపించింది. అల్యూమినియం ఫ్రేము, రెండు వేళ్ల వెడల్పు టైర్లు, గుట్టలెక్కడానికి తేలిక గేర్లు, కిందికి వంగిన హ్యాండిలు. ఆ హ్యాండిలు చూసి మామ దానికి పొట్టేలు అని అక్కడే పేరు పెట్టాడు. నూనెతో పనిచేసే బ్రేకులు వద్దని, తీగతో లాగేవైతే తాండూరులో కూడా బాగుచేస్తారని ఆ అమ్మాయే చెప్పింది. టైరు పక్కన వేలు దూరుతుందా అని నేను చూసుకున్నాను. ఆయన అడిగినవి వేరు. స్టాండు ఉందా, చైనుకు కవరు ఉందా, గంట ఉందా, డైనమో ఉందా అని వరసగా అడిగాడు. ఏదీ లేదు. "మరి గిన్ని పైసలు దేనికమ్మా?" అన్నాడు. ఆమె నవ్వింది.

చివరగా, "క్యారియర్ పడ్తదా?" అని అడిగాడు. కొన్నింటికి ఫ్రేములోనే బోల్టులు బిగించే తూట్లు ఉంటాయని, వాటికి పడుతుందని, సంచులు పెట్టుకోవచ్చు కానీ మనిషిని ఎక్కించకూడదని ఆమె చెప్పింది. నాకు క్యారియర్ అక్కర్లేదన్నాను. ఆయన వినలేదు. "వెనక జాగ ఉండాలె అల్లుడా," అన్నాడు. "ఎవరిని ఎక్కించుకోవాలె మామా?" అన్నాను. కొంచెం కటువుగానే వచ్చింది ఆ మాట. ఆయన నా మొహం కేసి చూసి, "కందిపప్పును," అన్నాడు.

ఆ రోజు కొనలేదు. రైలు శంకర్‌పల్లి దాటాక, కిటికీ వైపు తిరిగి, ఎవరితోనో అన్నట్టు అన్నాడు. "ఎన్నడన్న ఎవరన్న దొరికితె, మా బిడ్డ ఏమనుకోదు. నేను గూడ ఏమనుకోను." కూతుర్ని పోగొట్టుకున్న తండ్రి అల్లుడికి ఆ మాట చెప్పాలంటే ఎంత కూడగట్టుకోవాలో నాకు తెలుసు. అది ఆయన ఏ స్టేషన్ నుంచి కూడగట్టుకుంటూ వచ్చాడో తెలియదు. కళ్లు తుడుచుకోవడం కనబడకుండా నేనూ అవతలి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

తర్వాత కూడా ఆదివారం ఆదివారం ఏదో ఒకటి చూడటానికి పోతూనే ఉన్నాం. ఒకదాని రంగు ఆయనకు నచ్చలేదు. ఒకదాని సీటు నాకు గట్టిగా ఉంది. ఒకటి అన్నీ కుదిరి, ధర కూడా తగ్గి, తీసుకునేదే, ఇంతలో ఆయన "కంపెనీ పేరు నోరు తిరుగుతలేదు," అని లేచాడు. నేనూ సరేనని లేచాను. దొరికితే వెతకడం అయిపోతుందని ఇద్దరికీ తెలుసు. ఆయన బంధువుల పెళ్లిలో ఒక పెద్దమనిషి నన్ను చూసి, "బిడ్డ లేకపాయె, ఈ అల్లుడేంది ఇంక తిరుగుతుండు?" అని మామను అడిగాడట. "సైకిల్ చూడనీకి వస్తుండు," అన్నాడట మామ. బామ్మర్ది తర్వాత చెప్పాడు.

చలి ముదిరాక ఇక సాకులు అయిపోయి మొదట చూసిన పొట్టేలునే కొన్నాం. తూట్లున్నదే. క్యారియర్ కూడా వేయించాం. వికారాబాద్ స్టేషన్ బయట దాన్ని పట్టుకుని నిలబడితే, కొత్త వస్తువు కొన్న సంతోషం ఇద్దరి మొహాల్లోనూ లేదు. "కొన్నం గద. ఇగ ఏం సాకు?" అన్నాడు మామ. అంత సూటిగా అంటాడని అనుకోలేదు. "కొత్త బండి మామా. ఎట్ల నడుస్తుందో నీకు ఆదివారం ఆదివారం చూపియ్యాలె," అన్నాను. "ఆ, మరి. చూపియ్యాలె," అని వెంటనే ఒప్పుకున్నాడు.

అట్లా ఆదివారాలు కుదిరాయి. నేను వికారాబాద్ నుంచి, ఆయన తాండూరు నుంచి తన నల్ల సైకిలు మీద బయల్దేరి సగంలో కలవాలని ఒప్పందం. ఆయన లెక్కలో సగం అంటే తాండూరు పొలిమేర దాటగానే ఉన్న చాయ్ హోటలు. నేను చెమటలు కక్కుతూ చేరేసరికి ఆయన బెంచీ మీద కాలు మీద కాలు వేసుకుని, "లేటు," అనేవాడు. చాయ్ తాగి ఇద్దరం పక్క బాట పట్టేవాళ్లం. కాగ్నా నది ఒడ్డున మొరం బాటలు, పాత క్వారీల చుట్టూ రాళ్ల దారి, కంది చేల గట్లు. పొట్టేలు అన్నిట్లోనూ నడిచింది. ఆయన నల్ల సైకిలూ నడిచింది, కానీ తాపీగా. నేను ముందుకు పోయి ఆగి, ఆయన వచ్చేదాకా చూసి, మళ్లీ పోయేవాణ్ణి. "పో, పో. వెనక బస్సు వస్తుంది," అనేవాడు తన గురించి తానే.

విడిపోయేటప్పుడు నా సీటు వెనక రెండుసార్లు తట్టేవాడు. బస్సులో చిల్లర బిళ్లతో కమ్మీ మీద రెండు దెబ్బలు కొడితే బండి కదలాలి, ఒక్కటి కొడితే ఆగాలి. ఆ అలవాటు చేతిలోంచి పోలేదు. తట్టనిదే నేనూ కదిలేవాణ్ణి కాదు.

ఒక ఆదివారం నా డిస్క్ బ్రేకులు కీచుమంటుంటే ఆయన ప్రాణం ఒప్పలేదు. నేను వాళ్లింట్లో అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చేలోగా, కుట్టుమిషన్ నూనె తెచ్చి ఆ రేకుల మీద శ్రద్ధగా పోశాడు. తన బండికి కీచుమన్న చోటల్లా అదే మందు మరి. చప్పుడు పోయింది, బ్రేకు కూడా పోయింది. ఆ సాయంత్రం బండిని రైల్లో వేసుకుని వచ్చాను కాబట్టి అది మరునాడు పొద్దున బడికి పోతూ అనంతగిరి దిగుడులో నాకు తెలిసింది. కాళ్లు నేలకు ఆనించి, ఒక మట్టి దిబ్బలోకి తోలి బతికిపోయాను. మోచేతులు గీరుకున్నాయి. సాయంత్రం ఫోన్‌లో నవ్వులాటకు, "ఇంకొంచెమైతే నీ బిడ్డ దగ్గరికే పోతుంటి మామా," అన్నాను. "గట్లనకు," అన్నాడు. "ముందు నేను పోవాలె. ఒకామె ఇప్పటికే లైన్ తప్పింది. నువ్వు గూడ తప్పితె నేను ఎవరితోని చెప్పుకోవాలె?" తర్వాతి ఆదివారం కొత్త బ్రేకు దిమ్మలు తానే కొని తెచ్చాడు. నూనె డబ్బాను సైకిళ్ల దరిదాపుల్లో లేకుండా బీరువా మీద పెట్టాడు.

లైన్ ప్రకారమే పోయాడు. ఆ మాట మీద నిలబడ్డాడు.

చివరి ఆదివారం విశేషమేమీ లేదు. చాయ్‌లో చక్కెర ఎక్కువైందని హోటలతన్ని కసురుకున్నాడు. కందికాయ పట్టిందని చేలోకి చూసి రెండు తెంపి నమిలాడు. రెండుసార్లు తట్టాడు, నేను వచ్చేశాను. వెనక్కి తిరిగి చూశానా అని ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు. వచ్చే ఆదివారం ఉందనుకున్నవాడు తిరిగి ఎందుకు చూస్తాడు.

పన్నెండో నాడు తాండూరుకు రైల్లో పోలేదు. పొట్టేలు మీదే పోయాను. చాయ్ హోటలు దగ్గర ఆగాను, చాయ్ తాగకుండానే కదిలాను. ఇంటి గోడకు ఆయన సైకిలు ఆనించి ఉంది, టైర్లలో గాలి దిగిపోయి. ఇంటినిండా బంధువులు. నాకు చెయ్యడానికి పనేమీ లేదు, ఎవరూ చెప్పరు. పంపు తెచ్చి దాని రెండు టైర్లలో గాలి కొడుతూ కూర్చున్నాను. వాకిట్లో ఒక పెద్దమ్మ ఇంకొకామెతో అంటోంది. "పాపం, ఈ అల్లుడు గూడ ఇగ రాడు. ఏమున్నదని వస్తడు?" ఆమె మాటలో చెడ్డతనం లేదు. నేను ఇన్నాళ్లుగా లోపల దాచుకున్న భయమే ఆమె పైకి చెప్పింది.

బంతిలో కూర్చోబెట్టారు. బామ్మర్ది భార్య వడ్డించింది. పప్పు, వంకాయ కూర, ఆయనకిష్టమని చేసిన గారెలు. పక్కవాళ్లు తింటున్నారు. నేను పప్పులో చెయ్యి పెట్టాను, కలపలేకపోయాను. ఊట ఆయ్తా అని అడిగేవాడు లేకుండా తాండూరులో నేను తినే మొదటి అన్నం అది. చెయ్యి విస్తట్లోనే ఉంచి, తల వంచుకుని కూర్చున్నాను.

"ఏంది బావా, తింటలేవు?" అంటూ బామ్మర్ది నా ముందు వంగాడు. గుండు, ఉబ్బిన కళ్లు. నా మొహం చూశాడు, విస్తరి చూశాడు. "అలిగినవా?" అన్నాడు. అని, తానేమన్నాడో అప్పుడే తెలిసినట్టు అట్లాగే ఉండిపోయాడు. ఆ సైకిలు కథ ఆ ఇంట్లో తెలియనివాళ్లు లేరు. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను తల ఊపాను. నిజంగానే అలిగాను. చెప్పకుండా పోయినందుకు ఆయన మీద, అంతకు ముందు పోయినందుకు ఆమె మీద, ఇద్దరి మీదా. ఇన్నేళ్లకు నాకు అలగడం చేతనైంది, బతిమాలే మనిషి లేని రోజు.

బామ్మర్ది నా ఎదురుగా నేల మీద చతికిలపడ్డాడు. "ఏం కావాలె బావా?" అన్నాడు. వాళ్ల నాయిన అడగాల్సిన మాట. గొంతు కూడా ఆయనదే వచ్చింది. "చెప్పు. ఏం కావాలన్న ఇస్త."

"సైకిల్ కావాలె," అన్నాను.

"నీదే," అన్నాడు. ఏడుస్తూ, విస్తట్లో పప్పు తానే కలిపి ముద్ద నా చేతిలో పెట్టాడు. తిన్నాను.

ఎండ తగ్గాక బయల్దేరాను. "ట్రాలీల వేసి రేపు పంపిస్త బావా," అన్నాడు బామ్మర్ది. వద్దన్నాను. పొట్టేలు ఎక్కి, ఎడమ చేత్తో నల్ల సైకిలు హ్యాండిలు మధ్యలో పట్టుకున్నాను. ఒకటి తొక్కుతూ ఇంకొకటి పక్కన నడిపించుకు పోవడం మా చిన్నప్పుడు అందరికీ వచ్చిన విద్యే. చేతులు మరిచిపోలేదు. "వచ్చే ఆదివారం చాయ్ హోటల్ దగ్గరికి నేనొస్త," అన్నాడు బామ్మర్ది. వస్తాడో రాడో తెలియదు, అన్నాడు, అది చాలు. అని, ఖాళీగా ఉన్న వాళ్ల నాయిన సీటు వెనక రెండుసార్లు తట్టాడు.

లారీలు పోయేదాకా ఆగుతూ, నాపరాయి చెక్కలు తప్పిస్తూ, రెండు సైకిళ్లు పొలిమేర దాటాయి. ఆ నల్ల సైకిలు మడ్‌గార్డు ఎప్పటిలాగే గలగలమంటోంది. హోటలు దాటాక రోడ్డు కొంత దూరం ఖాళీగా, బాగా ఉంది. వేగంగా పోవచ్చు. అయినా నేను తాపీగానే తొక్కాను, ఆయన పోయేంత మెల్లగా.